చదవడం మళ్లీ ఇష్టంగా సాగాలంటే పుస్తకాన్ని ఏ రూపంలో ఎంచుకోవాలి?

ఒకప్పుడు పుస్తకం పట్టుకుంటే వదలని వారు ఇప్పుడు నాలుగు పుటలు దాటలేకపోతున్నామని చెబుతూ, ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన తెర పరికరం) కొనుక్కోవడం మేలా, ఆడియో పుస్తకాలకు మారడం మేలా అని తరచుగా అడుగుతున్నారు. అందరికీ సరిపోయే జవాబు దీనికి లేదు కానీ, ఎవరి జవాబును వారు కనుక్కునే పద్ధతి ఒకటి ఉంది. చదువు ఎక్కడ ఆగిపోతోందో ముందు తెలుసుకోవాలి. ఆ అడ్డంకిని తొలగించగల రూపాన్ని, చేతిలో ఉన్న వస్తువులతోనే పరీక్షించాలి. కొనడం గురించి ఆ తరువాతే ఆలోచించాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి ముందు పరికరం కొంటారు, అది కొన్నాళ్లకు అలమర చేరాక తమకు చదివే ఓపిక పోయిందని తీర్మానించుకుంటారు. పోయింది ఓపిక కాకపోవచ్చు. పుస్తకం తమకు సరిపడని రూపంలో చేతికి వచ్చి ఉండవచ్చు.

కావలసినవి

ఇదివరకు మీకు బాగా నచ్చిన పుస్తకం ఒకటి, చదవాలని అనుకుంటూ వాయిదా వేస్తున్న పుస్తకం మరొకటి దగ్గర పెట్టుకోండి. ఇప్పటికే వాడుతున్న ఫోన్ లేదా ట్యాబ్లెట్, ఇయర్‌ఫోన్లు, చదివేచోట మంచి దీపం, రెండు మాటలు రాసుకోవడానికి చిన్న నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది. గ్రంథాలయ సభ్యత్వం ఉంటే ఈ పని చాలా తేలికవుతుంది, ఎందుకంటే ఒకే పుస్తకాన్ని రెండు మూడు రూపాలలో తెచ్చుకుని చూడవచ్చు. రెండు మూడు వారాల వ్యవధి కేటాయించుకోండి. ఒక్క సాయంత్రంలో తేలే విషయం కాదు ఇది.

1. చదువు ఎక్కడ ఆగుతోందో గమనించండి

నచ్చిన పాత పుస్తకాన్ని తీసి, మధ్యలో ఎక్కడినుంచైనా చదవడం మొదలుపెట్టండి. ఆపాలనిపించిన క్షణంలో, ఆపడానికి కారణం ఏమిటో వెంటనే నోటుపుస్తకంలో రాయండి. కళ్లు మంటపుట్టాయా, అక్షరాలు మసకబారాయా, పుస్తకాన్ని దూరంగా జరిపి పట్టుకున్నారా? మెడ, మణికట్టు, బొటనవేలు నొప్పెట్టాయా? చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివారా? చేయి దానంతటదే ఫోన్ వైపు వెళ్లిందా? లేక ఏ ఇబ్బందీ లేకుండా సాగుతుండగా ఎవరో పిలిచారా, వేరే పని గుర్తుకు వచ్చిందా?

మూడు నాలుగు రోజులు ఇలా రాసుకుంటే, ఆ కారణాలు కళ్లు, శరీరం, ఏకాగ్రత, సమయం అనే నాలుగింటిలో ఏదో ఒకదాని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. రెండు కారణాలు కలిసి ఉండడం కూడా మామూలే. అప్పుడు ముందుగా వచ్చే కారణాన్ని పట్టుకోండి. కళ్లు అలసిన తరువాత ఏకాగ్రత చెదిరితే అసలు ఇబ్బంది కళ్లదే.

పాత పుస్తకంతో ఈ పరీక్ష చేయమనడానికి కారణం ఉంది. కొత్త పుస్తకం ఆసక్తిగా లేకపోయినా మనం ఆపేస్తాము, ఆ తప్పు పుస్తక రూపానిది కాదు. నచ్చుతుందని ముందే తెలిసిన రచనతో పరీక్షిస్తే ఈ రెండూ కలగాపులగం కావు.

2. కళ్లను, వెలుతురును ముందు సరిచూసుకోండి

ఈ అడుగును దాటవేయకండి. నలభై ఏళ్లు దాటిన వారిలో కంటి కటకానికి దగ్గరి వస్తువుల మీద చూపు నిలిపే శక్తి క్రమంగా తగ్గుతుంది. దీనినే చత్వారం అంటాము. ఇది నెమ్మదిగా వస్తుంది కనుక, చదవడం కష్టమవుతోందని గుర్తించకుండా, ఆసక్తి తగ్గిందని అనుకునేవారు ఎందరో ఉన్నారు. కంటి పరీక్ష చేయించుకుని ఏడాది రెండేళ్లు దాటితే ముందు ఆ పని చేయండి. అద్దాలు మారితే మిగతా అడుగుల అవసరమే రాకపోవచ్చు.

వెలుతురు విషయంలో గది మధ్యలో వేలాడే దీపం చాలదు. పుట మీద నేరుగా పడేలా, మీ నీడ అడ్డురాకుండా, పక్కనుంచి వచ్చే దీపం కావాలి. నున్నని మెరిసే కాగితం మీద వెలుగు తిరిగి కళ్లలో పడుతుంది కనుక అలాంటి పుస్తకాలకు దీపాన్ని కొంచెం వెనకకు జరపండి.

హెచ్చరిక: చూపు హఠాత్తుగా తగ్గినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా, చూపులో ఒక పక్క తెర కప్పినట్టు అనిపించినా పుస్తక రూపాలను పరీక్షిస్తూ కూర్చోకుండా వెంటనే కంటి వైద్యులను కలవండి.

3. అడ్డంకిని బట్టి ఒక్క రూపాన్ని ఎంచుకోండి

కళ్ల ఇబ్బంది ఉన్నవారికి అక్షరాల పరిమాణం చేతిలో ఉండాలి. మామూలు అచ్చు పుస్తకాలు ఎక్కువగా 10 నుంచి 12 పాయింట్ల అక్షరాలతో వస్తాయి. పెద్దక్షరాల ముద్రణలు సాధారణంగా 16 పాయింట్లు, అంతకు మించి ఉంటాయి. అలాంటి ముద్రణ దొరికితే అది మొదటి ఎంపిక, దొరకకపోతే ఈ-బుక్.

చేతులు, మెడ నొప్పెట్టేవారు బరువును చూడాలి. లావుపాటి గట్టి అట్ట పుస్తకం స్థానంలో మెత్తని అట్ట ముద్రణను గానీ, సంపుటాలుగా విడదీసిన ముద్రణను గానీ తెచ్చుకోండి. అచ్చు పుస్తకమే ఇష్టమైతే పుస్తకాన్ని నిలబెట్టే స్టాండు వాడండి. పడుకుని చదివేవారికి తేలికపాటి ఈ-రీడర్ బాగా ఉపయోగపడుతుంది. పుటను పట్టుకోవడమే కష్టమైనవారికి ఆడియో ఉత్తమం.

ఏకాగ్రత నిలవనివారికి నేను ముందుగా సూచించేది అచ్చు పుస్తకమే. అందులో నోటిఫికేషన్లు రావు, మరో యాప్ ఉండదు, ఎంత చదివామో ఎంత మిగిలిందో చేతికే తెలుస్తుంది. 2018లో వెలువడిన ఒక పరిశోధనా సమీక్ష 54 అధ్యయనాలను కలిపి చూసి, సమాచారం తెలిపే రచనలను కాగితం మీద చదివినవారు తెర మీద చదివినవారికంటే కొంత మెరుగ్గా అర్థం చేసుకుంటున్నారని, చదివే సమయానికి పరిమితి ఉన్నప్పుడు ఆ తేడా పెరుగుతోందని తేల్చింది. కథాత్మక రచనల్లో అలాంటి తేడా కనబడలేదని కూడా అదే సమీక్ష చెప్పింది. కనుక నవలలు చదివేవారు తెరకు భయపడనక్కరలేదు. చరిత్ర, శాస్త్రం వంటివి లోతుగా చదవదలచినవారు మాత్రం వీలైనంతవరకు అచ్చులో చదవడం మంచిది.

సమయం దొరకనివారికి ఆడియో పుస్తకం, లేదా కథల సంపుటి. ఆరువందల పుటల నవలను పది నిమిషాల ముక్కలుగా చదువుతూ పాత్రల పేర్లు మరచిపోయే బదులు, ఒక కూర్చోవడంలో ముగిసే కథ చదివితే పూర్తి చేసిన తృప్తి మిగులుతుంది.

4. ఎంచుకున్న రూపాన్ని సరిగా అమర్చుకోండి

చాలామంది విఫలమయ్యేది ఇక్కడే. ఈ-బుక్ తెరిచి, అది ఎలా వస్తే అలాగే చదివి, నచ్చలేదంటారు. అమర్చుకోని ఈ-బుక్‌ను నచ్చలేదనడం, తీగలు బిగించని వీణను మోగడం లేదనడం వంటిది.

ఈ-బుక్ విషయంలో మొదట చూడవలసింది ఫైలు రకం. ఈపబ్ ఫైలులో వాక్యాలు తెర వెడల్పుకు తగినట్టు సర్దుకుంటాయి, అక్షరాలను పెంచితే పుటల సంఖ్య పెరుగుతుందే తప్ప వరుసలు తెర దాటి పోవు. పీడీఎఫ్ అలా కాదు. 1993లో అడోబీ సంస్థ దానిని తెచ్చింది ఏ యంత్రంలో చూసినా పుట ఒకేలా కనబడడం కోసం, కనుక చిన్న తెర మీద పుట మొత్తం చిన్నదవుతుంది, పెద్దది చేస్తే ప్రతి వరుసకూ తెరను అటూ ఇటూ జరపాలి. ఫోన్‌లో చదవడం నరకమనేవారిలో ఎక్కువమంది పీడీఎఫ్ చదువుతున్నవారే. అదే పుస్తకం ఈపబ్‌లో దొరుకుతుందేమో ముందు వెతకండి. దొరకకపోతే, పీడీఎఫ్‌ను పెద్ద ట్యాబ్లెట్‌లో చదవండి, లేదా ఫోన్‌ను అడ్డంగా తిప్పి అంచులను కత్తిరించి చూపే సదుపాయం ఉన్న యాప్ వాడండి.

తరువాత ఈ వరుసలో అమర్చండి. అక్షరాలను, హాయిగా చదవగలిగిన పరిమాణంకంటే ఒక మెట్టు పెద్దవిగా పెట్టండి. వరుసల మధ్య ఎడం పెంచండి, ఎందుకంటే తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో అవి పై వరుసనో కింది వరుసనో తాకి కంటిని తికమకపెడతాయి. రెండు పక్కలా అంచులు వదలండి, ఒక వరుసలో మరీ ఎక్కువ పదాలుంటే కన్ను తరువాతి వరుస మొదలును వెతుక్కోవలసి వస్తుంది. వరుసల కుడి అంచును సమం చేసే అమరికను తీసివేయండి. పొడవైన తెలుగు పదాల వల్ల చిన్న తెర మీద పదాల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడేది దానివల్లనే.

సరిచూసుకునే విధానం: స్త్రీ, రాష్ట్రం, ఉత్ప్రేక్ష, అర్ఘ్యం వంటి పదాలున్న పుటను తెరవండి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నా, అక్షరాల స్థానంలో చతురస్రాలు కనబడుతున్నా ఆ యాప్‌లోని ఫాంటు గానీ పరికరం గానీ తెలుగుకు సిద్ధంగా లేదని అర్థం. ఫాంటు మార్చి చూడండి, అప్పటికీ కుదరకపోతే యాప్‌నే మార్చండి.

ఫోన్‌లో లేదా ట్యాబ్లెట్‌లో చదివేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. నోటిఫికేషన్ల శబ్దాన్ని మాత్రమే ఆపితే చాలదు, తెర పైన మెరిసే ఒక్క వరుస చాలు చదువు చెదరడానికి. తెర వెలుగును గది వెలుతురుకు సమానంగా ఉంచండి. తెర చూసేటప్పుడు మనం రెప్పవేయడం తగ్గిపోతుంది, కళ్లు పొడిబారేది అందువల్లనే. ఇరవై నిమిషాలకు ఒకసారి తల ఎత్తి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి.

ఈ-ఇంక్ తెర ఉన్న ఈ-రీడర్ ఈ విషయంలో వేరుగా ఉంటుంది. అందులోని నలుపు, తెలుపు రంగు కణాలు విద్యుత్తుతో కదిలి అక్షరాలుగా నిలుస్తాయి, మనం చూసేది కాగితం మీదలాగే తెర మీద పడి తిరిగి వచ్చే వెలుతురును. ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది, పుట మారేటప్పుడు తప్ప తెరకు దాదాపుగా విద్యుత్తు అక్కరలేదు కనుక ఛార్జింగ్ వారాల తరబడి ఉంటుంది. రంగుల బొమ్మలున్న పుస్తకాలకు, పట్టికలకు, పెద్ద పుట పీడీఎఫ్‌లకు మాత్రం అది తగినది కాదు.

ఆడియో పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు రచయితకంటే ముందు చదివే గొంతును చూడండి. నమూనాను కనీసం ఐదు నిమిషాలు వినండి. మొదటి నిమిషంలో నచ్చిన గొంతే నాలుగో నిమిషంలో విసుగు పుట్టించవచ్చు. పూర్తి పాఠమా, సంక్షిప్త పాఠమా అన్నది వివరాలలో సరిచూసుకోండి. మొదటి పుస్తకానికి వేగం మార్చకుండా వినండి. పది గంటల పుస్తకం 1.25 రెట్ల వేగంతో ఎనిమిది గంటల్లో ముగుస్తుంది, నిజమే. కానీ మీరు వెతుకుతున్నది మిగుల్చుకున్న రెండు గంటలను కాదు, వినడంలోని ఆనందాన్ని. నిద్రకు ముందు వినేవారు, కొంతసేపటికి ఆడియో దానంతటదే ఆగేలా స్లీప్ టైమర్ తప్పక పెట్టుకోవాలి, లేకపోతే మరునాడు ఎక్కడ ఆపామో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఆడియోకు జతగా చేసే పనిని కూడా ఎంచుకోవాలి. నడక, బట్టలు మడతపెట్టడం, గిన్నెలు తోమడం వంటి, మాటలతో పని లేని పనులు బాగా కుదురుతాయి. ఉత్తరాలు రాస్తూనో సందేశాలు చదువుతూనో వింటే రెండూ పాడవుతాయి. హెచ్చరిక: రద్దీ దారిలో నడిచేటప్పుడు రెండు చెవులూ మూసుకోకండి.

కావలసిన పుస్తకానికి ఆడియో లేకపోతే, ఈ-బుక్‌ను ఫోన్ చేతనే చదివించవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెలెక్ట్ టు స్పీక్, ఐఫోన్‌లో స్పీక్ స్క్రీన్ అనే సదుపాయాలు ఉన్నాయి. సెట్టింగులలో తెలుగు గొంతు ఉందో లేదో చూసుకోండి. పుటలను ఫొటో తీసినట్టు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లను, యూనికోడ్‌కు (అన్ని యంత్రాలూ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతికి) ముందునాటి ఫాంట్లతో తయారైన ఫైళ్లను ఇవి సరిగా చదవలేవు. ఒక వాక్యాన్ని ఎంపిక చేసి కాపీ చేసి, సందేశం రాసే చోట అతికించి చూడండి. తెలుగు తెలుగుగానే వస్తే ఆ ఫైలును ఫోన్ చదవగలదు.

చూపు తక్కువైనవారు, శారీరక కారణాల వల్ల పుస్తకం పట్టుకోలేనివారు, డిస్లెక్సియా (అక్షరాలను, పదాలను గుర్తించి చదవడం కష్టమయ్యే స్థితి) ఉన్నవారు మరో దారిని కూడా తెలుసుకోవాలి. 2013లో మొరాకో దేశపు మరాకేష్ నగరంలో కుదిరి 2016లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం, చేరిన దేశాలలో ఇలాంటి పాఠకుల కోసం పుస్తకాలను బ్రెయిలీ, పెద్దక్షరాలు, ఆడియో వంటి రూపాలలోకి మార్చుకునే వెసులుబాటును కాపీరైట్ చట్టాలలో కల్పింపజేసింది. అలాంటి గ్రంథాలయాలు ఇచ్చే డైసీ రకం ఆడియోలో అధ్యాయం నుంచి అధ్యాయానికి నేరుగా వెళ్లే వీలు ఉంటుంది.

5. ఒకసారికి ఒక్క మార్పే చేయండి

ఎంచుకున్న రూపంలో, రోజూ ఒకే వేళకు, ఇరవై నిమిషాలు, వారం రోజులు చదవండి లేదా వినండి. ఆ వారంలో రూపాన్ని తప్ప మరి దేనినీ మార్చకండి. కొత్త దీపం, కొత్త కుర్చీ, కొత్త పరికరం ఒకేరోజు వస్తే దేనివల్ల మేలు కలిగిందో చెప్పలేరు. పుస్తకం ఒక్కటే దీనికి మినహాయింపు: మొదటి రెండు రోజులు పాత పుస్తకంతో గడిపి, మూడో రోజున వాయిదా వేస్తూ వచ్చిన పుస్తకానికి మారండి.

వారం చివర కుదరలేదనిపిస్తే రెండో రూపానికి వెళ్లండి. రెండు రూపాలను కలపడం కూడా ఒక మార్గమే. అచ్చు పుస్తకాన్ని కళ్లతో అనుసరిస్తూ అదే పుస్తకాన్ని చెవులతో వింటే, చదివిన వాక్యానికే పదే పదే తిరిగి వెళ్లే అలవాటు ఉన్నవారికి గొంతు ముందుకు నడిపిస్తుంది. పొడవైన, పాతకాలపు భాష ఉన్న రచనలకు నేను దీనిని గట్టిగా సిఫారసు చేస్తాను.

6. ఫలితాన్ని సరిచూసుకోండి

ఎన్ని పుటలు చదివారన్నది కొలమానం కాదు. నోటుపుస్తకంలో ప్రతిరోజూ ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. గడియారం చూడకుండా ఎంతసేపు సాగింది? ఆపిన తరువాత, పగలు ఏదో ఒక వేళలో ఆ పుస్తకం గురించి ఆలోచించారా? నిన్న చదివిన భాగాన్ని ఇంట్లో ఒకరికి నాలుగు వాక్యాలలో చెప్పగలరా?

రెండో ప్రశ్నకు అవునని రావడం మొదలైతే ఆ రూపం మీకు సరిపడింది. మొదటి ప్రశ్న బాగున్నా మూడో ప్రశ్నలో తడబడుతుంటే, ముఖ్యంగా ఆడియోలో, మీరు వింటున్నారు కానీ మనసు మరోచోట ఉంది. జత చేసిన పనిని మార్చండి, లేదా ముప్పై సెకన్లు వెనక్కి వెళ్లే బొత్తాన్ని సంకోచం లేకుండా వాడండి. మూడింటికీ జవాబు కాదని వస్తే ముందు పుస్తకాన్ని మార్చి చూడండి, రూపాన్ని ఆ తరువాత.

7. కొనేముందు

పరీక్షలో నెగ్గిన రూపానికే ఖర్చు పెట్టండి. ఈ-రీడర్ అయితే స్నేహితులవద్ద ఒకటి రెండు రోజులు అడిగి తెచ్చుకోండి, మీరు చదివే భాషలోని పుస్తకాన్ని అందులో తెరిచి, పైన చెప్పిన ఒత్తుల పరీక్ష చేయండి. ఒక దుకాణంలో కొన్న ఈ-బుక్‌కు వేసే డిజిటల్ తాళం వల్ల అది మరో సంస్థ పరికరంలో తెరుచుకోకపోవచ్చు. పైగా అలా కొన్నదానికి చాలాచోట్ల మనకు లభించేది వాడుకునే అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్ సంస్థ అమ్మకపు హక్కుల చిక్కు వల్ల కొన్ని పుస్తకాలను పాఠకుల కిండిల్‌ల (ఆ సంస్థ ఈ-రీడర్ల) నుంచి దూరం నుంచే తొలగించి, తరువాత క్షమాపణ చెప్పింది. మళ్లీ మళ్లీ చదువుకోవాలని, పిల్లలకు ఇవ్వాలని అనుకునే పుస్తకాన్ని అచ్చులో కొనుక్కోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

వినడం చదవడం కాదని చిన్నబుచ్చుకుని, తమకు హాయిగా ఉన్న ఆడియోను మానుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. కథ మనసుకు చేరడమే ముఖ్యం.

అన్ని పుస్తకాలకూ ఒకే రూపం ఉండాలని పట్టుబట్టడం మరొకటి. నవలను వింటూ, వ్యాసాలను అచ్చులో, ప్రయాణంలో కథలను ఫోన్‌లో చదవడంలో తప్పేమీ లేదు. కవిత్వాన్ని మాత్రం ఫోన్‌లో చదివేటప్పుడు జాగ్రత్త పడండి, అక్షరాలు పెద్దవైతే పాదాలు విరిగి పద్యపు నడక దెబ్బతింటుంది.

ఉచితంగా దొరికాయని వందల పుస్తకాలను ఒకేసారి డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా చదువును ఆపేస్తుంది. ఏది చదవాలో ఎంచుకోవడంలోనే ఆ ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. పరికరంలో రెండు పుస్తకాలు మాత్రమే ఉంచండి.

ఏ రూపమూ కుదరకపోతే

నిడివి తగ్గించండి. ఇరవై నిమిషాలను ఏడు నిమిషాలు చేయండి, నవల స్థానంలో కథ పెట్టండి, చిన్నప్పుడు చదివిన పుస్తకాన్ని మళ్లీ తీయండి. ఎవరైనా పక్కన కూర్చుని చదివి వినిపిస్తే ఇంకా మంచిది, యంత్రం గొంతుకు నిలవని మనసు తెలిసిన గొంతుకు నిలుస్తుంది.

చదవడంతోపాటు ఇష్టమైన ఇతర పనుల మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి మారి, ఆ స్థితి రెండు వారాలకు మించి కొనసాగుతుంటే అది పుస్తక రూపాలతో తీరే ఇబ్బంది కాదు. వైద్యులను కలిసి, చదవలేకపోతున్న సంగతిని కూడా వారికి చెప్పండి. ఆ చికిత్స సాగుతున్నంతకాలం ఈ అడుగులను పక్కన పెట్టి, వినాలనిపించినప్పుడు మాత్రమే వినండి.